హతుడు మారిన కథ – "క్రాస్‌ఫైర్"

రిచర్డ్ బ్రూక్స్ అమెరికా మెరైను దళంలో పనిచేస్తూ వ్రాసిన నవల "ది బ్రిక్ ఫాక్స్‌హోల్" 1945లో వెలువడింది. యుద్ధరంగం చూడకుండా స్వదేశపు బారకాసుల్లో మగ్గిపోతున్న సైనికుల కథ అది. వారిలో ఒకడు ఒక మనిషిని చంపుతాడు. హతుడు చేసిన నేరమల్లా స్వలింగ ప్రేమికుడు కావడమే. 1947లో ఆర్.కె.వో. సంస్థ దీన్ని "క్రాస్‌ఫైర్" పేరుతో తెరకెక్కించేసరికి ఆ హతుడు యూదుడయ్యాడు.

ఈ మార్పును ఒక్క వాక్యంలో దాటేసే విమర్శకులున్నారు. నేను దాటలేను. హాలీవుడ్ నిర్మాణ నియమావళి స్వలింగ ప్రేమ ప్రస్తావననే నిషేధించింది. యూదు ద్వేషం సంగతి వేరు. హిట్లరు మారణహోమం లోకమంతా ఎరిగిన తరువాత దాన్ని ఖండించడానికి కాస్త వీలు చిక్కింది. ఒక ద్వేషాన్ని ఖండించడానికి మరొక ద్వేషాన్ని మరుగుపరచవలసి వచ్చిందన్నమాట!

అయినా చిత్రానికి బలముంది. రాబర్ట్ రయన్ పోషించిన హంతకుడు మాంట్‌గొమరీ మొదట్లో రాక్షసుడుగా కనిపించడు. పోలీసు అధికారితో మర్యాదగా మాట్లాడతాడు. మాటల మధ్య, యుద్ధానికి పోకుండా తప్పించుకున్నవాళ్లంటూ యూదుల మీద విషం చిమ్ముతాడు. హతుడు యుద్ధంలో పనిచేసినవాడేనని మనకు తరువాత తెలుస్తుంది. అధికారి తన ఐరిష్ తాతను ఇలాంటి ద్వేషమే బలిగొన్న వైనం చెబుతాడు. ఉపన్యాసం కొంచెం పెద్దదే. నాకు రుచించనిది ముగింపు: పారిపోతున్న హంతకుణ్ణి వీథిలో కాల్చి చంపడంతో ద్వేషం కూడా వాడితోనే పోయినట్టు ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. వాణ్ణి తయారుచేసిన బారకాసు మాత్రం చెక్కుచెదరదు.

ఆ ఏడే కాన్ ఉత్సవంలో ఉత్తమ సాంఘిక చిత్రంగా బహుమతి వచ్చింది. ఆస్కారుకు అయిదు ప్రతిపాదనలూ వచ్చాయి. ఇంతలో, 1947 అక్టోబరులో, అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం నిర్మాత ఏడ్రియన్ స్కాట్‌నూ, దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్‌నూ పిలిచి, మీరు కమ్యూనిస్టులా అని నిలదీసింది. వారు జవాబివ్వ నిరాకరించారు. నవంబరులో ఆర్.కె.వో. ఇద్దర్నీ తొలగించింది. "హాలీవుడ్ పదిమంది"లో భాగంగా 1950లో ఇద్దరూ జైలుకు వెళ్లారు.

1951లో డిమిట్రిక్ అదే సంఘం ముందుకు తనంత తాను వచ్చి పేర్లు చెప్పాడు. స్కాట్ పేరు కూడా. 1954లో "ది కేన్ మ్యూటినీ" వంటి భారీ చిత్రం అతని చేతికి వచ్చింది. ఎవరి పేరూ చెప్పని స్కాట్ ఏళ్ల తరబడి ఇతరుల పేర్ల చాటున టెలివిజన్‌కు కథలు వ్రాసుకున్నాడు.