మూడు ఉప్పెనల కథ



కోస్తా రైతుకు గాలివాన కొత్త కాదు. అయితే గాలి ఇంచుమించు ఒకే తీరుగా వీచినా, ప్రాణనష్టం మాత్రం అన్నిసార్లూ ఒక్కటిగా లేదు. ఎందుచేతనో తెలియాలంటే కృష్ణా తీరాన్ని ముంచిన మూడు ఉప్పెనల సంగతి వినాలి.

మొదటిది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద పడింది. సుమారు 30 వేల మంది పోయారు. అప్పటికి మన దేశంలో వాతావరణ శాఖే లేదు. అది 1875లో ఏర్పడింది. సముద్రం ఊళ్లోకి వచ్చిన తర్వాతనే జనానికి సంగతి తెలిసింది.

రెండవది 1977 నవంబరు 19, దివిసీమ. సార్వా వరి చేతికి వచ్చే రోజులు. కళ్లెదుట పంట ఉండగా ఇల్లు వదలడానికి ఎవరికి మనసొప్పుతుంది? సుమారు 5 మీటర్ల ఎత్తున కెరటం లేచింది. దాదాపు 10 వేల మంది బలి అయ్యారు. రేడియో ఉంది, హెచ్చరికా ఉంది. కాని అది చివరి పాక దాకా చేరలేదు. చేరినచోట తలదాచుకొనేందుకు ఎత్తయిన పక్కా కట్టడాలు లేవు. తాటిచెట్లను కావలించుకొని బ్రతికినవారున్నారు.

మూడవది 1990 మే 9. గాలి 1977 నాటికి తీసిపోయింది కాదు. అయినా పోయినవారు వెయ్యికి లోపే. ఈ నడుమ తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి, లక్షలాది జనాన్ని ముందుగానే తరలించారు. గాలి తగ్గలేదండీ, మనం ముందుగా కదిలాం. అంతే తేడా.

కనుక హెచ్చరిక వినగానే చేయవలసినవి చెబుతాను. పట్టాదారు పుస్తకం, రేషన్ కార్డు నీరు చొరని సంచిలో మూటగట్టండి. విత్తనాన్ని మూత బిగించిన డబ్బాలో పోసి ఎత్తున పెట్టండి. పశువులను మెరక చోటికి తోలండి. వీలుకాకపోతే పలుపులు విప్పి వదలండి. కట్టిన గొడ్డు ఈదలేదు. నడుమ గాలి ఉన్నట్టుండి ఆగితే తుపాను పోయిందనుకొని బయటకు రాకండి. అది తుపాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుండి అంతే జోరుగా గాలి కొడుతుంది.

నీరు తీసిన తర్వాత తెగిన కరెంటు తీగలు ముట్టుకోవద్దు. చచ్చిన పశువులను లోతుగా పూడ్చండి. బావి నీరంతా తోడి, బ్లీచింగు పౌడరు వేయించండి. అందాకా కాచిన నీళ్లే తాగండి. పంట నష్టం నమోదు చేయించుకోండి.

ఉప్పు నీరు నిలిచిన చేను ఇక చచ్చిందని దిగులుపడకండి. ముందు మురుగు కాలువలు బాగుచేయండి. కాలువ నీరు నిండా పెట్టి, నిలవనిచ్చి, తీసివేయండి. ఇలా పలుమార్లు కడిగితే ఉప్పు దిగిపోతుంది. మట్టి పరీక్ష చేయించాకనే నారు పోయండి.

పోయిన పంట మరో కారుకు పండించుకోవచ్చు. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. అందుకు మనిషి మిగలాలి. కదలమన్నప్పుడు కదలండి.