బాలల పుస్తకము – అచ్చు అక్షరము

నశింపనిది గనుక అక్షరమని పెద్దలు చెప్పిరి. అయినను బాలుని కంటి కానని అక్షరము పుటమీద నుండియు లేనిదే యగును. పూర్వము వీధిబడిలో పిల్లలు ఇసుకమీద వ్రేలితో పెద్ద పెద్ద అక్షరములు దిద్ది నేర్చిరి. అచ్చుపుస్తకము చేతికి వచ్చునప్పటికి అవియే చీమలబారు వలె కన్పట్టెను.

తెనుగు అచ్చెక్కిన తొలిదినములలో బాలలు ఎవరి తలపునను లేరు. 1746లో జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ క్రైస్తవ మతబోధ గ్రంథమును తెనుగున అచ్చొత్తించెను. 1814లో వంగదేశపు శ్రీరాంపురము నుండి విలియం కేరీ తెలుగు వ్యాకరణము వెలువడెను. 1854లో చెన్నపురిలో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు ముద్రాలయము నెలకొల్పిరి. కావ్యపురాణములకు మేలు కలిగెను గాని, పిల్లల కన్నులకు తగిన అచ్చు వేరుగా నుండవలెనను విచారము నెమ్మదిగా వచ్చినది.

దీనికి కారణము వ్యయము. సీసపు అచ్చుల కాలమున గుణింతములు, ఒత్తులు కలిసి ఒక్క పరిమాణమునకే వందలకొలది అచ్చులు కావలసియుండెను. పెద్ద అక్షరములకు వేరు అరలు, వేరు పెట్టుబడి. పుటలు పెరిగి కాగితపు ఖర్చును పెరుగును. కావున చిన్న ముద్రాలయమువారు ఉన్న అచ్చులతోనే సరిపెట్టుకొనిరి.

1945లో న్యాయపతి రాఘవరావు దంపతుల ‘బాల’, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ వెలువడినవి. బొమ్మకును కథకును సమానగౌరవము కలిగెను. ధర్మవరపు పట్టుచీరలో అంచునకు ఒడలు కుదిరిననే అందము. బొమ్మల పుస్తకమున చిత్రమునకు అక్షరము కుదురుటయు నట్టిదే. బొమ్మ సన్నని గీతలదైనచో మోటు అక్షరము దానిని మింగివేయును.

అందముకంటె ముందు చూడవలసినది స్పష్టత. ప, వ, ష లును. ద, ధ, థ లును. మ, వు లును తొలిచూపుననే వేరుపడవలెను. మన ఒత్తులు క్రిందికి దిగును, గుడులు పైకి లేచును. పంక్తుల నడుమ చోటు చాలనిచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకును. అట్టిచోట తడబడిన బాలుడు తప్పు తనదే యనుకొని పుస్తకము మూయును. దోషము అచ్చుది, శిక్ష పిల్లవానిది.

కంప్యూటరు వచ్చిన పిమ్మట సీసపు బరువు తొలగినది. చిత్రకారుడు బాపు చేతివ్రాత సైతము అచ్చక్షరమైనది. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన ఉచిత ఖతులలో కొన్ని పెద్దన, తిమ్మన, ధూర్జటుల పేర్లు దాల్చినవి. పెనుకొండ రెండవ రాజధానిగా ఏలిన శ్రీకృష్ణదేవరాయల పేరను ఒకటి కలదు. నేడు కొరత అక్షరములకు కాదు, ఎంపికకు. వంకులుదిరిగిన అక్షరము అట్టమీది పేరునకు శోభ. కథకు మాత్రము నిరాడంబరమైన గుండ్రని అక్షరమే తగును.

గ్రంథాలయమునకు బాలల పుస్తకము కొనువారు వెలయు, బొమ్మలును చూచిన పిదప ఒక పుటను రెండవ తరగతి పిల్లవాని యెదుట విప్పి చదివింపవలెను. వాడు వ్రేలు పెట్టకుండ పంక్తి దాటినచో ఆ పుస్తకము కొనదగినది.