విలంబిత గణనము – చలబంధము: ఒక చారిత్రక పరిశీలనము

గణనయంత్ర భాషల చరిత్రలో రెండు పద్ధతులు వేర్వేరుగ జనించి, వేర్వేరుగ ఉపకరించి, ఒకచోట చేరినపుడు మాత్రము పరస్పరము విరోధించినవి. ఒక పేరు విలువను, అది వ్రాయబడిన చోటును బట్టి గాక, వాడబడు క్షణమున అమలులోనున్న నిర్ణయమును బట్టి గ్రహించుట చలబంధము. ఫలితము కావలసి వచ్చువరకు గణనను వాయిదా వేయుట విలంబిత గణనము.

వీనిలో చలబంధము పూర్వమైనది. 1960లో జాన్ మెకార్తీ ప్రకటించిన లిస్ప్ భాషలో నిది ప్రవేశించెను, బుద్ధిపూర్వకముగ గాదు. తాను దీనిని కేవలము ఒక దోషముగ నెంచి, స్టీవ్ రస్సెల్ సవరించునని నమ్మినట్లు మెకార్తీయే 1978లో చెప్పెను. ప్రమేయముతోపాటు దాని పరిసరమునుగూడ మూటగట్టి పంపుట రస్సెల్ కనుగొన్న ఉపాయము. 1975లో సస్మన్, స్టీల్ నిర్మించిన స్కీమ్ భాష లిస్ప్ సంతతిలో స్థిరబంధమును నెలకొల్పెను. మరుసటి యేడు విలంబిత గణనమును ప్రతిపాదించు రెండు పత్రములు వెలువడెను: ఫ్రీడ్‌మన్, వైజ్ లది ఒకటి; హెండర్సన్, మోరిస్ లది వేరొకటి.

2007లో రిచ్ హికీ వెలువరించిన క్లోజర్ భాషలో ఈ రెండును మరల కలిసికొనెను. వడ్డీ రేటు సామాన్యముగ 6 అనియు, ఒక ఖండికలో మాత్రము 12 అనియు బంధింపబడినదనుకొనవచ్చును. ఆ ఖండికలో 100 మంది ఋణస్థుల వరుసకు వడ్డీ కట్టుమని ఆదేశించి, ఫలితమును వెలుపలికి పంపినచో, అప్పటి కొక్క లెక్కయు జరిగియుండదు. వెలుపల చదువబోవునప్పటికి 12 గతించినది. అందరికిని 6 చొప్పుననే వడ్డీ పడును. ఖండికలోపల మొదటి లెక్కను మాత్రము చూచినచో చిక్కు మరింత యగును: ఆ భాష అట్టి వరుసను 32 చొప్పున గణించును గనుక, మొదటి 32 మందికి 12, తక్కిన 68 మందికి 6 పడును. యంత్రము దోషమేదియు ప్రకటింపదు. ఒకసారి గణింపబడిన ఫలితము భద్రపరుపబడును గావున, ఆ తప్పు నిలిచిపోవును.

దీనికి పరిహారములు మూడు: ఖండిక దాటకముందే గణనను ముగించుట, చలబంధపు విలువను ముందుగ స్థిరమైన పేరునకెత్తుకొనుట, బంధములను ప్రమేయముతో మూటగట్టుట. మూడవది రస్సెల్ ఉపాయమునకు బంధువే. 1990లో నిర్వచింపబడిన హాస్కెల్ భాష విలంబిత గణనమును స్వీకరించి, స్థిరబంధమునే అవలంబించెను. 2000లో లూయిస్, లాంచ్‌బరీ, మైయర్, షీల్డ్స్ అందులో చలబంధమును చేర్చినపుడు, దానిని రకములలో కనబడు గుప్త పరామితిగ మార్చిరి. అందుచే వాయిదాపడిన పనితోపాటు విలువయు ప్రయాణించును.

ఋణపత్రము ఏనాడు చెల్లినను, వడ్డీ రేటు వ్రాసిననాడే అందెక్కవలెను. వాయిదా వేయబడు గణనకును ఇదియే నియమము.