మీట తుపాకుల నగిషీలు: గుర్తింపు, విలువ

వంశధార కడలిలో కలియు తావున నున్న కళింగపట్నము ఒకప్పుడు పేరెన్నికగన్న రేవు. 1936 వఱకు ఈ తీరము గంజాము జిల్లాలో చేరియుండెను. ఓడల రాకపోకలు ఆగిపోయినను దీపస్తంభము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆ రేవు సంగతులు తెలిసికొనుటకై మేము అచ్చటికి పోయినపుడు ఒక పాత యింటి పెద్దాయన మాకొక తుపాకిని చూపిరి. పాతగుడ్డలో చుట్టిన ఆ తుపాకి కొయ్యభాగమంతయు ఇత్తడి రేకులతోను, సన్నని వెండి తీగతోను అలంకరింపబడి యుండెను.

"ఇది బొబ్బిలి యుద్ధంలో పేలిన తుపాకి బాబూ! మా ముత్తాతల కాలంనుంచి ఈ ఇంట్లోనే ఉంది" అని ఆయన చెప్పిరి. పట్టణమునుండి వచ్చిన వర్తకుడొకడు ఇత్తడికి, వెండికి తూకము లెక్కను వెల కట్టి పోయినాడట. ఇచ్చివేయుటకు ముందు చింతపండుతో తోమి మెఱుగు పెట్టవలెనని ఆయన తలంపు. ఇచ్చుటయా, ఉంచుటయా అని మమ్ములనడిగిరి. ఇట్టి వస్తువులు మన ప్రాంతపు ఇండ్లలో అచ్చటచ్చట ఇంకను ఉండవచ్చును గనుక, నాడు మేమాయనతో పంచుకొన్న విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

మొదట కాలనిర్ణయము. బొబ్బిలి యుద్ధము 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగినది. నాటి తుపాకులు ఒత్తితో అంటించునవియో, చెకుముకి రాతితో నిప్పు పుట్టించునవియో అయి యుండెను. మందును, గుండును గొట్టము మూతినుండియే కూరవలెను. పెద్దాయన చూపిన తుపాకికి క్రిందివైపున ఒక ఇనుప మీట కలదు. దానిని క్రిందికి లాగినచో వెనుకభాగము తెఱచుకొనును; తూటాను అచ్చటనుండి పెట్టవలెను. ఇది స్విట్జర్లండు దేశీయుడు మార్టిని కల్పించిన యంత్రమును, ఎడింబరో వాస్తవ్యుడు హెన్రీ కల్పించిన గొట్టమును కలిపి చేసిన మార్టిని-హెన్రీ తుపాకి. దీనిని బ్రిటిషు సైన్యము 1871లో స్వీకరించినది. భూతద్దముతో చూడగా ఇనుపభాగముపై కిరీటము, విక్టోరియా రాణి పేరిటి రెండక్షరములు, 1874 అను అంకెలు కనిపించినవి. అనగా బొబ్బిలి కోట కూలిన 117 ఏండ్లకు గాని ఈ తుపాకి పుట్టలేదు.

ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. మీట తుపాకులన్నియు ఒక జాతివి కావు. మార్టిని ఒక్కసారికి ఒక్క తూటానే పేల్చును. అమెరికాలో 1860లో వెలసిన హెన్రీ తుపాకి, దాని వెనుక వచ్చిన 1866, 1873 నాటి వించెస్టరులు వేఱు తీరువి. వానిలో గొట్టము క్రింద మఱియొక గొట్టముండును. అందు వరుసగా నింపిన తూటాలు మీట కదలిన ప్రతిసారి ఒక్కొక్కటిగా పైకి వచ్చును. 1866 నమూనాకు ఇత్తడిని పోలిన మిశ్రలోహపు చట్రము, 1873 నమూనాకు ఇనుప చట్రము ఉండెను. 1877లో ప్లెవ్నాకడ తురుష్కులు రష్యనులపై ప్రయోగించినవి ఈ 1866 నాటివే.

అలంకారముల విలువ కట్టుటలో ఈ అమెరికా తుపాకులే లోకమునకు పాఠము నేర్పినవి. వించెస్టరు సంస్థ 1875లో గుఱి తప్పని గొట్టములను ఏరి, వానికి ప్రత్యేకమైన మెఱుగు పెట్టి, 'వేయింటిలో ఒకటి' అను పేరు చెక్కి నూఱు డాలర్లకు అమ్మజొచ్చినది. 1873 నమూనాలో ఇట్టివి 130కి పైచిలుకు మాత్రమే తయారైనవి. 1950లో ఈ తుపాకి కథగా ఒక చలనచిత్రము వచ్చినపుడు, అట్టివి ఎవరికడ నున్నవో తెలుపుడని ప్రకటనలిచ్చి వెదకిరి. వెల పెరిగినకొలది నకిలీలును పెరిగినవి. సాదా తుపాకిపై క్రొత్తగా లతలు చెక్కి పాతదని అమ్మువారు బయలుదేఱిరి. అందుచే పరిశీలకులు కొన్ని గుర్తులను ఏర్పఱచుకొనిరి.

మొదటిది అఱుగుదల. చేతులు తగిలి చుట్టునున్న లోహము అఱిగినపుడు దానిపై నగిషీయు అంతే అఱుగవలెను. అంచులు పదునుగా నున్నచో చెక్కడము క్రొత్తది. రెండవది అక్షరములు. కర్మాగారములో వేసిన చెక్కడము ముద్రాక్షరములను తప్పించుకొని పోవును. లత వచ్చి అంకెను కోసినచో అది తరువాతి పని. మూడవది వరుస సంఖ్య. వించెస్టరు కర్మాగారపు పాత చిట్టాలు చాలవఱకు అమెరికాలోని కోడీ నగరపు ఆయుధశాలలో భద్రముగా నున్నవి. సంఖ్యను పంపినచో ఆ తుపాకి సాదాగా వెడలినదో, నగిషీతో వెడలినదో వారు తెలుపుదురు.

మన దేశపు పనికిని పరీక్షలు కలవు. ఉక్కుపై సన్నని గీతలను అడ్డదిడ్డముగా గీచి, వానిపై బంగారు తీగను కొట్టి అతికించుట కోఫ్తగరి. బంగారము అఱిగినచోట ఆ గీతలు భూతద్దమున కనబడును. లోతుగా గాడి తీసి తీగను పొదుగుట వేఱొక పద్ధతి. అది చిరకాలము నిలుచును. ఇట్టి పనులను చూచి కన్నులకు అలవాటు చేసికొనగోరువారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఆయుధముల విభాగమును చూడవలెను.

ఈ గుర్తులతో కళింగపట్నపు తుపాకిని మరల చూచితిమి. ఇనుముపై చెక్కిన తీగె 1874లోని నాలుగంకెను కోసికొని పోయినది. కావున అలంకారము కర్మాగారములోనిది కాదు, తరువాతిది. మార్టిని తుపాకులు లక్షలకొలది తయారైనవి గనుక అరుదైనదన్న విలువయు దీనికి లేదు. అయిన నిది విలువలేనిదా? కాదు. ఇత్తడిపై తామరపూలు నేర్పుగల చేతి పనియే. మన జిల్లాలోనే బుడితి గ్రామము ఇత్తడి, కంచు పనులకు ప్రసిద్ధి. అచ్చటి పాత పాత్రలపైని పూలతో ఈ పూలను పోల్చి చూచిన ఆ పనివాని జాడ తెలియునేమో! చింతపండు తగిలినచో శతాబ్దపు వన్నె పోవును, అఱుగుదల చెఱగిపోవును, పోల్చుటకు ఆధారమే మిగులదు.

చట్టమును మఱువరాదు. 1959 నాటి ఆయుధ చట్టము, బాగుచేసినను పేలని పాత ఆయుధములను విడిచిపెట్టినది. కాని పేలునో పేలదో నిర్ణయించుట మన పని కాదు, అధికారులది. కావున ముందుగా వారికి తెలుపవలెను. నూఱేండ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది.

ఇవన్నియు విని పెద్దాయన కొంతసేపు మౌనముగా నుండిరి. "అయితే మా తాత అబద్ధమాడినాడా బాబూ?" అని అడిగిరి. ఆ ప్రశ్న మమ్ములను కలచినది. తాత అబద్ధమాడలేదు, తాను విన్నది చెప్పినాడు. బొబ్బిలి కథ ఈ ప్రాంతపు ప్రతి యింటను వినబడునదే గదా! ఆ కథను ఒక కాగితముమీదను, తుపాకిపైని గుర్తులను వేఱొక కాగితముమీదను వ్రాసి రెండును దాచుడని చెప్పితిమి. ఆయన మనుమరాలు అప్పుడే బడి పుస్తకము తెచ్చి వ్రాయ మొదలిడినది. తుపాకిని గూర్చి మఱునాడు పోలీసు ఠాణాలో తెలుపుదునని, వర్తకునికి మాత్రము ఇయ్యనని పెద్దాయన అనిరి.