వీసా పదేళ్లు, గడువు ఆరు నెలలు

కూతురి పురుడు పొయ్యడానికి అమెరికా వెళ్లే అమ్మ పాస్‌పోర్టులో వీసా పదేళ్లకు ఉంటుంది. పచ్చళ్ల డబ్బాలు సర్దుకుంటున్నప్పుడు ఇంట్లో అందరూ చూసుకునేది ఆ తేదీనే. తీరా అక్కడ విమానం దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అధికారి ఇంకో తేదీ ఇస్తాడు. సాధారణంగా అది అప్పటినుంచి ఆరు నెలలకు. ఐ-94 అనే ఆ రికార్డును చాలామంది పట్టించుకోరు. వీసా అంటే గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టడానికి అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. పదేళ్ల వీసాను నమ్ముకుని ఏడో నెలలోనూ మనవడితో ఆడుకుంటున్న పెద్దవాళ్లు చేసేది, చట్టం భాషలో, ఓవర్‌స్టే.

ఈ తప్పుకు శిక్ష ఎప్పుడూ ఒకేలా లేదు. వందేళ్లలో మూడు రకాల లెక్కలు నడిచాయి. మొదట మనిషి హోదా చూశారు, ఆ తర్వాత ఉద్దేశం చూశారు, చివరికి రోజులు లెక్కపెట్టారు. మన తల్లిదండ్రులు చిక్కుకున్నది మూడో లెక్కలో. కానీ దాని వేళ్లు మొదటిదాంట్లోనే ఉన్నాయి.

1917లో అమెరికా కాంగ్రెస్ ఆసియా పటం మీద గీత గీసి, భారతదేశంతో సహా ఒక పెద్ద ప్రాంతాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. అక్కడివాళ్లు స్థిరపడటానికి రాకూడదు. అయితే విద్యార్థులు, అధ్యాపకులు, వైద్యులు, వర్తకులు, సరదాగా దేశం చూడవచ్చే యాత్రికులు ఇందుకు మినహాయింపు. ఆ మినహాయింపు వెనకాలే ఇంకో వాక్యం ఉంది. ఏ హోదాతో వచ్చాడో ఆ హోదా పోగొట్టుకున్నవాడు చట్టవిరుద్ధంగా ఉన్నట్టే, అతన్ని పంపించెయ్యవచ్చు. ఓవర్‌స్టే అనే మాట ఇంకా పుట్టకపోయినా దాని బీజం అక్కడే పడింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇలా మినహాయింపు తలుపులోంచి వెళ్లినవాడే. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూసేదాకా ఆయన మళ్లీ సొంతగడ్డ మీద కాలు పెట్టలేదు. చుట్టపుచూపుగా వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చే బంధువుల కాలమూ కాదది. ఓడ ప్రయాణమే వారాల తరబడి పట్టే కాలంలో గడువు దాటడం గురించి బెంగపడే కుటుంబాలు మనకు లేవు.

1924 చట్టంలో సందర్శకుడికి ప్రత్యేకమైన గది దొరికింది. వ్యాపారం మీదో విహారం మీదో కొద్దికాలానికి వచ్చేవాడు వలసదారు కాడని అందులో నిర్వచించారు. అతనికి ఎంత గడువివ్వాలో నిబంధనలతో నిర్ణయించవచ్చనీ, గడువు తీరాక వెళ్లిపోతాడన్న భరోసాకు అవసరమైతే పూచీకత్తు బాండు కట్టించుకోవచ్చనీ రాశారు. ఈ బాండు ముచ్చట గుర్తుపెట్టుకోండి, నూరేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున కోటా ఇచ్చి, పౌరసత్వానికీ దారి తెరిచారు. ఈ రోజుకూ మన కాన్సులేట్ల ముందు వరసలను శాసిస్తున్న సూత్రం మాత్రం 1952 చట్టంలోది. దాని 214(బి) సెక్షన్ ప్రకారం సందర్శక వీసా అడిగే ప్రతివాడూ, కాదని రుజువు చేసుకునేదాకా, వలస వస్తున్నవాడే. స్వదేశంలో ఇల్లూ వాకిలీ వదులుకునే ఉద్దేశం లేదని నిరూపించుకోవాల్సిన బరువు అతనిదే. పొలం పాసుపుస్తకాలు, ఇంటి పన్ను రసీదులు, ఆస్తుల విలువ మీద చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని మనవాళ్లు మద్రాసు రైలెక్కింది ఈ బరువు దించుకోవడానికే. 2008 అక్టోబరులో హైదరాబాద్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచి వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా తెలుగువాళ్లకు చెన్నై ప్రయాణం తప్పలేదు. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. చిలుకూరు బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 పూర్తిచేసే భక్తులను చూసి నవ్వేవాళ్లుంటారు. నాకు నవ్వు రాదు. ఎదుటివాడు మన మనసులో ఏముందో రెండు నిమిషాల్లో తేల్చేస్తాడంటే దేవుణ్ని తోడు తీసుకెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది.

మరి అప్పట్లో గడువు దాటితే ఏమయ్యేది? పట్టుబడితే పంపించేవారు. పట్టుబడకుండా తనంతట తాను తిరిగొచ్చినవాడికి, మళ్లీ వీసా అడిగేరోజున అధికారి అనుమానం తప్ప, ఇన్నేళ్లు రాకూడదని లెక్కకట్టిన శిక్ష లేదు. పైగా చట్టమే అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి మన్నించేది. 1929 నుంచి రిజిస్ట్రీ అనే ఏర్పాటు ఉంది. ఫలానా తేదీకి ముందు వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్లు శాశ్వత నివాసం కోరవచ్చు. ఆ తేదీని కాలాన్నిబట్టి ముందుకు జరుపుతూ వచ్చారు. చివరిసారి 1986లో జరిపి 1972 జనవరి 1 దగ్గర ఆపారు, ఇవాళ్టికీ అక్కడే ఉంది. అదే 1986 చట్టం కింద దాదాపు 27 లక్షల మందికి నివాసహక్కు వచ్చింది. 1982కు ముందే గడువు తీరిపోయిన సందర్శకులూ అందులో ఉన్నారు.

ఈలోగా మన కుటుంబాల తీరు మారిపోయింది. 1965 చట్టం కోటాల పద్ధతిని తీసేసి, 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేని దగ్గరి బంధువుల జాబితాలో చేర్చింది. వినడానికి ఎంత బాగుందో! కానీ కొడుకు పౌరుడు కావాలి. అంతకుముందు గ్రీన్‌కార్డు రావాలి. 1990 చట్టం, ఏటా పరిమితి ఉన్న గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతానికి మించి ఇవ్వకూడదని గీత గీసింది. అదే చట్టంతో రూపుదిద్దుకున్న హెచ్‌1బి మీద లక్షలమంది ఇంజినీర్లు వెళ్లాక ఆ 7 శాతం ముందు మనవాళ్ల క్యూ దశాబ్దాల పొడవుకు పెరిగింది. కొడుకు పౌరుడయ్యేలోపు పిల్లలు పుడతారు, పెరుగుతారు. వాళ్లను చూసుకోవడానికి మనిషి కావాలి. దాంతో విహారం కోసం పెట్టిన బి2 వీసా పెంపకం వీసా అయిపోయింది. ఆరు నెలలు అమ్మానాన్నలు, ఆరు నెలలు అత్తామామలు. వియ్యపురాళ్లిద్దరూ ఒకరు దిగే వారం ఇంకొకరు ఎక్కేలా టికెట్లు తీసుకోవడం తెలుగు ఇళ్లలో మామూలు సంగతి. చట్టం ఊహించుకున్న సందర్శకుడు మెడలో కెమెరా వేసుకుని నయాగరా చూసి వెళ్లిపోయేవాడు. అసలు వెళుతున్నది ఉయ్యాల ఊపే అమ్మమ్మ.

అలాంటి సమయంలో వచ్చింది 1996 చట్టం. ఆ ఏడు సెప్టెంబర్ 30న ఖర్చుల బిల్లుతో కలిపి పెట్టిన దీనిమీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చేవారి మీద కోపంతో తయారైన చట్టమే అయినా, దర్జాగా వీసాతో దిగిన పెద్దవాళ్లకూ అదే బెత్తం తగిలింది. 1997 ఏప్రిల్ 1 నుంచి రోజుల లెక్క మొదలైంది. గడువు తీరాక 180 రోజులు దాటి, ఏడాది నిండకముందే దేశం వదిలితే మూడేళ్లు తిరిగి రాకూడదు. ఏడాది, ఆపైన ఉండి వెళ్తే పదేళ్లు. ఇక్కడ మనవాళ్లు తరచూ తికమకపడతారు. ఐ-94 ఇచ్చే ఆరు నెలలు వేరు, ఈ 180 రోజులు వేరు. రెండోది మొదటిది అయిపోయిన మర్నాడు మొదలవుతుంది.

‘అయితే 180 రోజుల దాకా ఫరవాలేదన్నమాట’ అనుకుంటే ఇంకో గోతిలో పడ్డట్టే. అదే చట్టం తెచ్చిన 222(జి) సెక్షన్ ప్రకారం గడువు ఒక్కరోజు దాటినా చేతిలో ఉన్న వీసా దానంతటదే రద్దు. టికెట్ చవగ్గా దొరికిందని రెండు రోజులు ఆలస్యంగా బయల్దేరిన నాన్నగారి పాస్‌పోర్టులో పదేళ్ల వీసా చూడటానికి అలాగే మెరుస్తూ ఉంటుంది, కానీ చెల్లదు. ఆ సంగతి తెలియక మరుసటేడు విమానమెక్కినవాళ్లను దిగిన చోటినుంచే వెనక్కి పంపవచ్చు. మళ్లీ సొంతదేశంలో కొత్త వీసాకు దరఖాస్తు పెట్టుకుని, 214(బి) ముందు మొదటినుంచీ నిలబడాలి. ఈసారి ‘తిరిగి వెళ్తాను’ అనే మాటకు సాక్ష్యం వ్యతిరేకంగా ఉంటుంది.

దుబాయి సంగతితో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ విజిట్ వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. మధ్యమధ్య క్షమాభిక్ష కాలాలు ప్రకటిస్తారు, 2024 చివర్లోనూ ఇచ్చారు. కటువైన చోటే, కూలీల కన్నీళ్లకు కొదవలేదు. కానీ అక్కడి బాకీ డబ్బులో తీరుతుంది. అమెరికాలో వయసుతో తీర్చాలి. 65 ఏళ్ల మనిషికి పదేళ్ల నిషేధమంటే ఏమిటో చట్టం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

ఆలోచించలేదనడానికి నాకు కనిపించే పెద్ద ఆధారం మినహాయింపు నిబంధన. నివాసహక్కు కోరేవారు ఈ నిషేధం నుంచి సడలింపు అడగవచ్చు. అయితే దానివల్ల విపరీతమైన కష్టం కలిగేది అమెరికా పౌరులో శాశ్వత నివాసులో అయిన భార్యకో, భర్తకో, తల్లికో, తండ్రికో అయి ఉండాలి. కొడుకు, కూతురు ఆ జాబితాలో లేరు. అమ్మ రాలేకపోతే కూతురు పడే కష్టం చట్టం త్రాసులో తూగదు. ఇంకా విచిత్రం, పౌరుడైన కొడుకు ఉన్న తల్లి వీసాతో సక్రమంగా దేశంలో దిగి ఉంటే, గడువు దాటినా అక్కడే ఉండి గ్రీన్‌కార్డు అడగవచ్చు. దగ్గరి బంధువులకు ఓవర్‌స్టే అడ్డు కాదు. అదే తల్లి ఏడాది దాటాక, ఊళ్లో అక్క పోయిందని విమానమెక్కిందా, పదేళ్ల నిషేధం ఆ క్షణం నుంచి మొదలు. శిక్ష తెచ్చిపెట్టేది ఉండిపోవడం కాదు, వెళ్లడం! గడువు దాటినవాళ్లను త్వరగా పంపించాలని తెచ్చిన చట్టం, 180 రోజులు దాటినవాళ్లకు కదలకుండా ఉండటమే క్షేమమని నేర్పింది.

1996 చట్టం రోజులు లెక్కపెట్టమంది గానీ లెక్కపెట్టే యంత్రం అప్పటికి లేదు. వచ్చేటప్పుడు పాస్‌పోర్టుకు తెల్లకార్డు ముక్క కుట్టేవారు, వెళ్లేటప్పుడు విమాన సంస్థవాళ్లు దాన్ని తీసుకోవాలి. కౌంటర్‌లో మనిషి మరిచిపోతే, ఇంటికొచ్చి సంక్రాంతి చేసుకుంటున్నవాళ్లు కూడా రికార్డులో అమెరికాలోనే ఉన్నట్టు. ఆ కార్డు పాస్‌పోర్టులోనే మిగిలిపోతే, బోర్డింగ్ పాసుల నకళ్లు జతచేసి లండన్‌కు పోస్టు చెయ్యమనేవారు. ఇంగ్లండు లండన్ కాదు, కెంటకీ రాష్ట్రంలో అదే పేరున్న చిన్న ఊరు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఈ ఉదాసీనత పోయింది. విమానాలు హైజాక్ చేసినవాళ్లలో గడువు దాటినవాళ్లూ ఉన్నారు. దాడి జరిగిన ఆరు నెలలకు, చనిపోయిన ఇద్దరు హైజాకర్ల విద్యార్థి వీసా అనుమతి కాగితాలు ఫ్లైట్ స్కూలుకు చేరడంతో ఇమిగ్రేషన్ శాఖ పరువు గంగలో కలిసింది. 2002 ఏప్రిల్‌లో ఆ శాఖ ఒక ప్రతిపాదన ప్రచురించింది. సందర్శకులకు ఆరు నెలలు మామూలుగా ఇచ్చే పద్ధతి పోవాలి, ఎంతకాలం కావాలో తేలకపోతే 30 రోజులే ఇవ్వాలి. అది అమలై ఉంటే పురుడు, బారసాల, అన్నప్రాశన ఒకే ప్రయాణంలో చూసే తెలుగు అమ్మమ్మల కథ అక్కడితో ముగిసేది. ఎందుకో అది ముందుకు సాగలేదు. 2003లో ఆ శాఖనే రద్దుచేసి పనులు కొత్త భద్రతా శాఖకు అప్పగించారు. 2004 జనవరి నుంచి విమానాశ్రయాల్లో వేలిముద్రలు, ఫోటోలు. 2013లో తెల్లకార్డు పోయి విమాన ప్రయాణికుల ఐ-94 ఆన్‌లైన్‌కు ఎక్కింది. కాగితం చేతిలో లేకపోవడంతో తేదీ చూసుకోవడం ఇంకా తగ్గిందని నా అనుమానం.

గడువు దాటేవారి లెక్క మొదటిసారి జనం ముందుకొచ్చింది 2016 జనవరిలో. 2015 ఆర్థిక సంవత్సరంలో వెళ్లిపోవాల్సిన సుమారు 4.5 కోట్లమంది సందర్శకుల్లో 5,27,127 మంది గడువు దాటారు, అంటే 1.17 శాతం. నూటికి దాదాపు 99 మంది చెప్పిన తేదీకే వెళ్లిపోతున్నారన్నమాట.

మన పెద్దవాళ్లు గడువు దాటేది ఎక్కువగా మోసపు బుద్ధితో కాదు. గుండెపోటు వస్తుంది, మోకాలి ఎముక విరుగుతుంది, కోడలికి నెలలు నిండకుండానే కాన్పవుతుంది. చట్టంలో దీనికి దారి ఉంది. గడువు తీరకముందే ఐ-539 అనే దరఖాస్తు పెట్టి ఎక్స్‌టెన్షన్ అడగాలి. వేళకు పెట్టిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం నిషేధపు రోజులు లెక్కలోకి రావు. చట్టం రాసింది 120 రోజులకే, కానీ తమ దగ్గరే ఫైళ్లు అంతకన్నా ఎక్కువ కాలం నిద్రపోతున్నాయని గ్రహించిన అధికారులు ఆ రక్షణను నిర్ణయం వచ్చేదాకా సాగదీశారు. అడిగిన ఎక్స్‌టెన్షన్ గడువు కూడా అయిపోయి, అమ్మానాన్నలు ఊరికి తిరిగొచ్చేశాక జవాబు రావడం కొత్త కాదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల భారత్‌కు విమానాలు ఆగిపోయి, మేలో వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా, ఆ తర్వాతా, ఎన్నో ఇళ్లలో ఐ-539 పేరు అత్తగారి బీపీ మాత్రల పేరంత సుపరిచితమైంది.

2025 మే నెలలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం భారతీయులను నేరుగా హెచ్చరించింది. గడువు దాటి ఉంటే పంపించేస్తామనీ, మళ్లీ ఎప్పటికీ రాకుండా నిషేధం పడవచ్చనీ ఆ ప్రకటన సారాంశం. ఆ ఆగస్టులో కొన్ని దేశాల సందర్శకుల దగ్గర 5,000 నుంచి 15,000 డాలర్ల దాకా బాండు కట్టించుకునే ప్రయోగం మొదలైంది. 1924 నాటి పూచీకత్తు దుమ్ము దులుపుకుని లేచింది. మొదట ఆఫ్రికాలోని మలావి, జాంబియాలకు పెట్టారు. డిసెంబర్ 26 నుంచి దేశం వదిలే ప్రతి విదేశీయుడి ముఖాన్నీ ఫోటో తీసేందుకు నిబంధన అమల్లోకి వచ్చింది. తెల్లకార్డు చేతికివ్వాల్సిన చోట ఇప్పుడు కెమెరా ముందు క్షణం నిలబడితే చాలు. ఆ ఫోటోను 75 ఏళ్ల దాకా దాచుకోవచ్చట. అంటే 68 ఏళ్ల అమ్మమ్మ చెప్పిన తేదీకి విమానమెక్కిందన్న సాక్ష్యం, ఆవిడకు 143 ఏళ్లు వచ్చేదాకా వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది.