ఆకురాయి నుంచి సంతకం దాకా

మా బ్యాచ్ తాంబరం గేటు దాటి లోపలికి నడిచి 50 ఏళ్లయింది. స్వర్ణోత్సవ సంచికకు మన బడి గురించి రాయమని మిత్రులు అడగగానే నాకు గుర్తుకొచ్చింది ఇనుప రజను వాసన.

వైమానిక దళానికి సికింద్రాబాద్‌లో ఎంపికై, బెల్గాం పక్కన సాంబ్రాలో కవాతు ముగించుకుని, తాంబరం మెకానికల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరిన తెలుగువాళ్లలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. విమానాన్ని అంతకుముందు నేలమీద చూసినవాళ్లం కాదు. రాగానే ఇంజన్ దగ్గరికి తీసుకెళ్తారని ఆశపడ్డాం. చేతికి ఆకురాయి ఇచ్చారు. మైల్డ్ స్టీలు ముక్కను వైసులో బిగించి, రోజుల తరబడి అరగదీయడమే పని. ఒక ముక్కలో చెక్కిన గాడిలో ఇంకో ముక్క కూర్చోవాలి. రెండూ కలిపి దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. వచ్చిందంటే కొత్త ముక్క తీసుకుని మళ్లీ మొదటి నుంచి. అరక పట్టి కాయలు కాచిన చేతులకు కూడా బొబ్బలెక్కాయి.

అప్పట్లో ఇది శిక్ష అనిపించింది. అర్థం తెలిసింది చాలా తర్వాత. జెట్ ఇంజన్ కంప్రెసర్ బ్లేడుకు చిన్న గులకరాయి తగిలినా అంచున గాటు పడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే చీలిక అక్కడే మొదలవుతుంది. గాటు లోతు అనుమతించిన హద్దు లోపల ఉంటే దాన్ని ఆకురాయితోనే నునుపు చేస్తారు. ఎంత తియ్యాలో పుస్తకం చెబుతుంది. అంతే తీసి ఆగడం చెయ్యికి తెలియాలి. ఆ చెయ్యిని తయారుచేసింది తాంబరం ఇనుప ముక్కలే.

ఆ తర్వాతే ఇంజన్. నాట్ యుద్ధవిమానానికి వాడే ఆర్ఫియస్‌ను లోపల కనిపించేలా కోసి, స్టాండు మీద నిలబెట్టారు. ఏడు వరసల కంప్రెసర్, ఏడు మంట గొట్టాలు, ఒకే ఒక్క వరస టర్బైన్. గాలి ముందు నుంచి దూరి, నలిగి, మండి, వెనక నుంచి తోసుకుపోయే దారిని వేలితో చూపిస్తూ మా సార్జెంట్ చెప్పేవారు. ఆ ఇంజన్ బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్లు తయారుచేసిందే అని చెప్పినప్పుడు తరగతిలో అందరం ఒక్కసారి సర్దుకుని కూర్చున్నాం.

ఈ చదువుకు పూర్వీకులున్నారు. 1932 అక్టోబర్ 8న వైమానిక దళం కాగితం మీద పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ పక్కన ద్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ నిలబడింది. దాని ఆస్తి నాలుగు వాపిటీ విమానాలు. మనుషులు ఆరుగురు అధికారులు, 19 మంది హవాయీ సిపాయిలు, అంటే ఇప్పటి ఎయిర్‌మెన్. అధికారుల్లో సుబ్రతో ముఖర్జీ పేరు అందరికీ తెలుసు. ఆ 19 మంది పేర్లు ఎవరికి తెలుసు? నా దృష్టిలో మన వంశవృక్షానికి వేళ్లు వాళ్లే. వాపిటీ రెండంతస్తుల రెక్కల విమానం. రెక్కల మీద గుడ్డ, ముక్కున జూపిటర్ ఇంజన్. గుడ్డ చిరిగితే కుట్టాలి, డోపు అనే పూత పూయాలి, తీగల బిగువు సరిచూడాలి. మొదట్లో వాళ్ల పని మీద బ్రిటిష్ టెక్నీషియన్ల పర్యవేక్షణ ఉండేది. ఒక్కో పనినీ అందుకుంటూ, విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసే బాధ్యతను మనవాళ్లు తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు.

వాళ్లలో హర్జీందర్ సింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. లాహోర్ మెక్లగన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవాడు, సిపాయిగా చేరడానికి ఒప్పుకున్నాడు. 1942 ఫిబ్రవరిలో మొదటి స్క్వాడ్రన్ బర్మాలో టౌంగూ చేరింది. వాళ్ల చేతిలో ఉన్నవి లైసాండర్‌లు, సైన్యానికి ఆనవాళ్లు పట్టిచ్చే నిదానపు విమానాలు. హర్జీందర్ బృందం వాటికి బాంబులు మోసే ఏర్పాటు అమర్చింది. స్క్వాడ్రన్ నాయకుడు మజుందార్ 250 పౌండ్ల బాంబులు రెండు తగిలించుకుని జపాన్‌వాళ్ల మేహాంగ్‌సాన్ స్థావరం మీదికి వెళ్లాడు. సిపాయిగా చేరిన హర్జీందరే తర్వాత ఎయిర్ వైస్ మార్షల్ అయ్యాడు. దేశంలో కూర్చిన మొదటి ఆవ్రో విమానం 1961 నవంబర్ 1న కాన్పూర్‌లో ఎగిరిందంటే దాని వెనక పట్టుదల ఆయనదే. పైలట్ల జీవిత చరిత్రలు పిల్లలకు చెబుతాం. ఈయన కథ కూడా చెప్పాలని నా కోరిక.

విభజనతో ద్రిగ్ రోడ్ సరిహద్దు అవతలికి పోయింది. 1949లో బెంగళూరు పక్కన జాలహళ్లిలో టెక్నికల్ కాలేజీ వెలిసింది. తాంబరంలోనూ జాలహళ్లిలోనూ ఎయిర్‌మెన్ బడులు నడిచాయి. అలా ఆ విద్య మన దాకా దక్షిణానికి వచ్చింది.

తాంబరం మాకు నేర్పినవాటిలో పెద్దది ఎఫ్-700. ప్రతి విమానానికీ ఒక ఫారం 700 ఉంటుంది. ఎయిర్‌ఫ్రేమ్, ఇంజన్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, రేడియో, ఆయుధాలు అని ఎవరి పనికి వాళ్లు అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నీ చూశాక పైలట్ తన సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. అందుకే లాకింగ్ వైరు మెలి తిప్పడం కూడా సంతకం ముందరి పనిగానే నేర్పారు. బోల్టు వదులవ్వబోతే వైరు దాన్ని బిగుతువైపు లాగాలి. వెనక్కి చుట్టామంటే కట్టినట్టే కనిపిస్తుంది, కాపాడదు. మా వైరును సార్జెంట్ కత్తెరతో టక్కున తెంపి, "ఇంకోసారి కట్టు నాయనా" అనేవారు. ఆయన మనవాడే. క్లాసులో హిందీ, వర్క్‌షాపులో మాతో తెలుగు.

నా మొదటి పోస్టింగ్ సంగతి ఒకటి ఒప్పుకోవాలి. రాత్రి పని ముగించి పనిముట్లు లెక్కపెడితే, బోర్డు మీద గీసిన స్పానర్ నీడ ఖాళీగా ఉంది. అది నా స్పానర్. నోట మాట రాలేదు. విమానం ఆపేశారు. అక్కడి సార్జెంట్ తిట్టలేదు. ఎఫ్-700 నా ముందుకు జరిపి, "పోయిందని నువ్వే రాయి. కింద నీ పేరు" అన్నారు. నా చేతులు వణికాయి. నలుగురం టార్చీలతో ఇంజన్ బే అంతా వెతికాం. తెల్లవారుజామున ఒక పైపు వెనక దొరికింది. దొరికిందని కూడా నా చేతే రాయించారు. అప్పుడు గానీ ఆ విమానానికి పైలట్‌ను పిలవలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో విమాన నిర్వహణ లైసెన్సు పరీక్షలకు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల దారి వేరు. మాడ్యూల్స్, ఒక్కోదానికి 75 శాతం మార్కులు, మానవ తప్పిదాల మీద ప్రత్యేకంగా ఒక పేపరు. నేను వాళ్లకు ఆ స్పానర్ సంగతే చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఢిల్లీ పాలంలో వైమానిక దళ మ్యూజియం చూశాను. అక్కడ ఒక వాపిటీ ఉంది. పక్కనున్నవాళ్లు దాని రెక్కల వెడల్పు చూసి ఆశ్చర్యపోతున్నారు. నేను మాత్రం కింది రెక్క దగ్గర వంగి, తీగల చివర నట్లు ఎలా బిగించారో చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.