కలెక్టర్ గారి బొంతలు: గురుసదయ్ దత్ జానపద కళా సేకరణ

ఆర్ట్ అండ్ కల్చర్ చదివేటప్పుడు మనమంతా ఒక టేబుల్ గీసుకుంటాం. ఒక పక్క మధుబని, వర్లి, చేర్యాల, కాంథా. ఇంకో పక్క బీహార్, మహారాష్ట్ర, తెలంగాణ, బెంగాల్. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది. నేనూ రెండేళ్లు అదే బట్టీ పట్టాను. కానీ ఆ టేబుల్‌లో లేని ప్రశ్న ఒకటుంది. పాతబడితే పారేసే ఈ వస్తువులు మ్యూజియం అద్దాల వెనక్కి ఎలా చేరాయి? ఎవరో ఒకరు పోగు చెయ్యకపోతే చేరవు కదా. అలా పోగు చేసిన ఒకాయన, మీరూ నేనూ కోరుకుంటున్న ఉద్యోగంలోనే ఉండేవాడు.

గురుసదయ్ దత్ 1882లో సిల్హెట్ ప్రాంతంలో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్. 1905లో ఐసీఎస్‌లో చేరి బెంగాల్ జిల్లాల్లో మేజిస్ట్రేటుగా, కలెక్టరుగా పనిచేశాడు. మైమెన్‌సింగ్, బీర్భూమ్ పోస్టింగుల కాలం నుంచి, అంటే 1929 మొదలు సుమారు పదేళ్లు, ఊళ్లు తిరిగి రెండు వేలకు పైగా వస్తువులు సేకరించాడు: పటువాల చిత్రపటాలు, కాల్చిన మట్టి పలకలు, చెక్క బొమ్మలు, సందేశ్ మిఠాయి అచ్చులు, కాంథాలు. వ్రతచారీ ఉద్యమం (1932) స్థాపకుడిగా ఈయన పేరు మీ నోట్సులో ఉండొచ్చు. ఈ సేకరణ సంగతి మాత్రం చాలా పుస్తకాల్లో ఒక వాక్యంతో సరి.

కాంథా దగ్గర కాస్త ఆగుదాం. అది మన బొంతకు అక్కచెల్లెలే. చిరిగిన చీరలు, ధోవతులు పొరలుగా పేర్చి, పాత చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతో కుడతారు. కుట్టేది ఇంటి ఆడవాళ్లు, అమ్మడానికి కాదు. అందుకే చాలా కాంథాల మీద పేరుండదు. దత్ సేకరణలో ఒకటి మాత్రం వేరు. ఖుల్నా ప్రాంతానికి చెందిన మానదాసుందరి తన తండ్రి కోసం కుట్టి, ఆ మాట దారంతోనే రాసుకుంది. ఆ రాత లేకపోతే ఆమె కూడా 'అజ్ఞాత కళాకారిణి' అయ్యేది.

మా నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉండేది. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా దాన్ని బైకు తుడిచే గుడ్డలుగా చింపేశాం. చింపింది నేనే. ఫొటో కూడా లేదు. వాడుకోవడానికే పుట్టిన వస్తువు వాడుకలోనే అరిగిపోతుంది, అందులో తప్పేముంది అనుకున్నాను. చేర్యాల నకాషీ పటాలు కూడా పాతబడితే నీళ్లలో కలిపేసే ఆచారం ఉంది. రాతి శాసనం తనంతట తాను వెయ్యేళ్లు నిలుస్తుంది. గుడ్డ, కాగితం, పచ్చి మట్టి అలా నిలవవు.

ఇప్పుడు చట్టం చూడండి. పురావస్తువులు, కళా సంపదల చట్టం, 1972 ప్రకారం వస్తువుకు కనీసం వందేళ్లు నిండితేనే అది పురావస్తువు (విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు). అంటే 1930లో కుట్టిన కాంథా 2030 దాకా ఆ నిర్వచనంలోకి రాదు. ఆ మధ్య కాలమంతా దాన్ని ఎవరు కాపాడాలి? దత్ సేకరించిన వాటిలో చాలా భాగం అప్పటికి పాత సామాను మాత్రమే. ఆయన ముందే తీసి దాచడం వల్ల అవి పురావస్తువులయ్యే వయసుదాకా బతికాయి. జానపద కళలో 'యాంటిక్' అనేది చాలాసార్లు కాలం తయారు చేసేది కాదు, సేకర్త తయారు చేసేది. అందుకే మ్యూజియంలో కనిపించేదాన్ని బట్టి ఒకప్పుడు పల్లెల్లో ఏముండేదో లెక్కగట్టకూడదు. ఇంజనీరింగ్ స్టాటిస్టిక్స్‌లో చదివిన సర్వైవర్‌షిప్ బయాస్ ఇదే.

దత్‌లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. పటువా ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ పాడతాడు. పాట లేని పటం సగమే. దత్ పటాలతో పాటు ఆ పాటలూ రాయించి పెట్టుకున్నాడు. 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం వాటిని 'పటువా సంగీత్' పేరుతో ప్రచురించింది.

అయితే ఒక ఇబ్బంది ఉంది, ఎథిక్స్ పేపర్‌కి కూడా పనికొస్తుంది. సాక్షాత్తు జిల్లా కలెక్టరే గుమ్మంలో నిలబడి 'ఆ కాంథా బాగుందమ్మా' అంటే 'ఇవ్వను' అనగలిగే ఇల్లెన్ని? ఆయన మంచివాడే కావచ్చు. కుర్చీ బరువు మాత్రం మంచితనంతో తగ్గదు. అవతలివాళ్లు మనసారా ఇచ్చారా, మొహమాటానికి ఇచ్చారా అన్నది వస్తువుని చూసి చెప్పలేం.

సేకరణ ఎటు పోతుందన్నది ఇంకో ప్రశ్న. కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులు చవగ్గా కొనుక్కున్న బొమ్మలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. లాక్‌వుడ్ కిప్లింగ్ పోగు చేసినవాటిని కొడుకు రడ్యార్డ్ 1917లో అక్కడికిచ్చాడు. కలకత్తాలో పాఠం చెప్పిన స్టెల్లా క్రామ్రిష్ సేకరించిన కాంథాలు అమెరికాలోని ఫిలడెల్ఫియా చేరాయి. దత్ సేకరణ కలకత్తా శివార్లలోని జోకాలో ఉండిపోయింది. ఆయన 1941లో పోయాడు, మ్యూజియం 1963లో తెరిచారు. ఈలోగా దేశ విభజన వచ్చింది. మానదాసుందరి ఊరు ఒక దేశంలో, ఆమె కాంథా ఇంకో దేశంలో మిగిలాయి.

ఆ మ్యూజియానికి 1984 నుంచి కేంద్ర జౌళి శాఖ నిధులు అందేవి. 2017లో ఆగిపోయాయి. కలకత్తా తేమలో నూలు గుడ్డకు పురుగు, బూజు పట్టకుండా చూడాలంటే ఏటా ఖర్చు ఉంటుంది, మనుషులు కావాలి.

ఈ వారం ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు): పురావస్తువుకు పెట్టిన వందేళ్ల నిబంధన జానపద కళావస్తువులకు ఎంతవరకు సరిపోతుంది? ఉదాహరణలతో చర్చించండి.